పెట్టె పాడైతే డేటా పోయినట్టు కాదు

రెండో నాలుగో హార్డ్ డిస్కులు పట్టి, ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు అందించే చిన్న పెట్టెను నాస్ అంటారు. ధర్మవరంలో పట్టుచీరల అంచు, కొంగు, బుటాలను కంప్యూటర్‌పై గీసే డిజైనర్లకు, హిందూపురంలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలకు, 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన పెనుకొండ ప్రాంతంలోని చిన్న వ్యాపారాలకు ఇది బాగా పనికొచ్చే సాధనం.

నాస్ ఆన్ కాకపోతే ముందు అనుమానించాల్సింది పవర్ అడాప్టర్‌ని. అది బాగానే ఉంటే లోపలి బోర్డు పాడై ఉండవచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ డిస్కులు చాలావరకు క్షేమంగానే ఉంటాయి.

వాటిలో డేటా ఎలా అమరి ఉందో తెలిపేది రెయిడ్ పద్ధతి. డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ 1988లో బర్క్‌లీ నుంచి ప్రకటించిన పత్రం దీనికి ఆ పేరు తెచ్చింది. రెయిడ్ 1లో రెండు డిస్కుల్లోనూ ఒకే సమాచారం ఉంటుంది. రెయిడ్ 5కి కనీసం మూడు డిస్కులు కావాలి. రెండు డిస్కుల్లోని అంకెలు వేరైతే మూడోదాంట్లో 1, ఒకటే అయితే 0 రాస్తారు. మొదటి డిస్కులో 1, రెండోదాంట్లో 0 ఉంటే మూడోదాంట్లో 1 పడుతుంది. మొదటి డిస్కు పోయినా, మిగిలిన 0, 1 వేరుగా ఉన్నాయి కాబట్టి పోయిన అంకె 1 అని తేలిపోతుంది. ఈ అదనపు అంకెలకు ఒక డిస్కంత చోటు పడుతుంది కాబట్టి 4 టీబీ డిస్కులు మూడు పెడితే వాడుకోవడానికి 8 టీబీయే దక్కుతుంది. ఒకేసారి రెండు పోతే మాత్రం ఈ లెక్క పనిచేయదు.

డిస్కులు బయటికి తీసేముందు ఏది ఏ అరలో ఉందో మార్కర్‌తో నంబర్లు వేయాలి. అదే కంపెనీ నాస్ మరొకటి దొరికితే, చాలా మోడళ్లు పాత డిస్కులను వాటంతటవే గుర్తిస్తాయి. కొత్తగా సిద్ధం చేయమంటారా అని అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఒప్పుకుంటే పాత డేటా చెరిగిపోవచ్చు. నాస్‌లలో ఎక్కువగా ఉండేవి ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ పద్ధతులు. విండోస్ వీటిని చదవలేక ఫార్మాట్ చేయమంటుంది; వద్దనాలి. లైనక్స్ కంప్యూటర్‌కు డిస్కులు తగిలించి, చదవడానికి మాత్రమే వీలుండేలా తెరిచి, ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు.

డిస్కులో అక్కడక్కడ డేటా చదవడం కుదరకపోతే దాన్ని పదేపదే చదివించకుండా ముందు పూర్తి నకలు తీయాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం బాగున్న భాగాలను మొదట చదివి, చెడిన చోట్లకు తర్వాత వస్తుంది. మరమ్మతు ప్రయత్నాలన్నీ ఆ నకలు మీదే చేయాలి. డిస్కు నుంచి టక్ టక్ మని శబ్దం వస్తే వెంటనే కరెంటు తీసేయాలి. ఆ తర్వాత దాన్ని దుమ్ము చొరబడని గది ఉన్న ల్యాబుకే అప్పగించాలి, ఇంట్లో విప్పకూడదు.

రెయిడ్ ఉందిగదా అని బ్యాకప్ మానేయకూడదు. పొరపాటున చెరిపిన ఫైలు రెయిడ్ 1లో రెండు డిస్కుల నుంచీ ఒకేసారి పోతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ సోకినా అంతే. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనేది నిపుణులు చెప్పే సూత్రం. చీర డిజైన్ ఫైలు చిన్నది, పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. పెళ్లి వీడియోకు పెద్ద డిస్కు కావాలి. ఆ పెళ్లిని మళ్లీ చిత్రీకరించలేరు కాబట్టి, ఆ ఖర్చుకు వెనకాడకుండా రెండో ప్రతి ఈరోజే తీసిపెట్టుకోవాలి.