ఇంటిపట్టున బాతుగుడ్లు పొదిగించుట

వరికోతలు ముగిసిన పిమ్మట గోదావరి, కృష్ణా డెల్టాలలోని పొలములందు బాతుల మందలు రాలిన గింజలను, నత్తలను ఏరుకొని తినుచుండుట తెలుగువారికి పరిచితమైన దృశ్యమే. ఆ బాతులు గుడ్లు విరివిగా పెట్టును. కాని వానిపై కూర్చుండి పొదుగుట అరుదు. ఎక్కువ గుడ్లు పెట్టు పక్షులనే తరతరములుగా ఏరి పెంచుటచే వానియందు పొదుగు గుణము సన్నగిల్లినది. ఇంగ్లండులో రూపొందిన ఖాకీ కాంప్‌బెల్ జాతి ఇందుకు మంచి నిదర్శనము. పెద్దబాతులును, మస్కోవీ బాతులును మాత్రము నేటికిని శ్రద్ధగా పొదుగును. తక్కినవాని గుడ్లనుండి పిల్లలు కావలెనన్నచో పొదుగుకు వచ్చిన కోడిపెట్టనో, పొదుగు యంత్రమునో ఆశ్రయింపవలెను.

దేనిని ఆశ్రయించినను వెచ్చదనము సమకూర్చుట అంత కష్టము కాదు. చాలమంది మరచునది తేమ. పిల్ల పూర్తిగా ఎదిగి, బయటికి రావలసిన దినముననే పెంకులోపల మరణించుట కద్దు. నాలుగు వారముల శ్రమ అట్లు తుదిలో వ్యర్థమగును. ఇందుకు కారణము తెలిసికొన్నచో నివారణోపాయము తానే తోచును.

గుడ్డు పెంకునిండ కంటికి కానరాని సూక్ష్మరంధ్రములు వేలకొలదిగా ఉండును. వానిద్వారా గాలి లోనికి పోవును, నీటియావిరి వెలికి వచ్చును. నీరు తగ్గినకొలదిని గుడ్డు మొద్దుకొనయందలి గాలిగది పెరుగును. పిల్ల మొట్టమొదట ఊపిరితిత్తులతో పీల్చునది ఆ గదిలోని గాలినే. బయట తేమ మితిమీరినచో గది చిన్నదై ఆ గాలి చాలదు. తేమ చాలనిచో లోపొర ఎండి, పిల్లకు అంటుకొని, దానిని కదలనీయదు.

ఏది ఎక్కువయో, ఏది తక్కువయో ఊహించుటకంటె తూచి చూచుట మేలు. 25 దినములు గడచునప్పటికి బాతుగుడ్డు తన బరువులో నూటికి 12 మొదలు 14 వంతులు కోల్పోవలెను. 70 గ్రాముల గుడ్డు అప్పటికి 61 గ్రాములకు కొంచెమించుమించుగా ఉన్నచో అంతయు సవ్యముగానున్నదని గ్రహింపవచ్చును. వారమునకొకసారి తూచుచున్నచో మార్పును ముందుగనే కనిపెట్టి, నీటిని పెంచుటయో తగ్గించుటయో చేయవచ్చును. వానకాలమున కోస్తాలో చల్లిన నీరు రాయలసీమ వేసవిలో చాలదు.

ఇక గుడ్ల యెంపిక. బాతులు సాధారణముగా తెల్లవారుజామున గుడ్డు పెట్టును. ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటలవరకు వానిని శుభ్రమైన గడ్డి పరచిన దొడ్డిలోనే ఉంచినచో గుడ్లు బురదపాలు కావు. పొదిగించు గుడ్లను కడుగరాదు; పెంకుపైనుండు సహజమైన పూత క్రిములను అడ్డగించును. వానిని చల్లనిచోట వారము దినములకు మించకుండ నిలువచేయవచ్చును గాని రిఫ్రిజిరేటరులో పెట్టకూడదు.

కోడిపెట్టక్రింద తొమ్మిది, పది బాతుగుడ్లకంటె ఎక్కువ పెట్టరాదు. పెద్దబాతు గుడ్లైనచో నాలుగైదు చాలును. అవి బరువైనవి గనుక పెట్ట త్రిప్పలేదు; మనమే త్రిప్పవలెను. తట్ట అడుగున తడిమట్టి పోసి, పైన ఎండుగడ్డి పరచుట మంచిది. తల్లిబాతు మేతకు పోయి తడిసిన యీకలతో తిరిగివచ్చును. కోడి అట్లు చేయదు. కావున పెట్ట మేతకు లేచినప్పుడు గుడ్లపై గోరువెచ్చని నీరు కొలదిగా చిలుకరింపవలెను. కోడిగుడ్లు 21 దినములలో పిల్లలగును. బాతుగుడ్లకు 28, పెద్దబాతు గుడ్లకు 28 మొదలు 32, మస్కోవీ గుడ్లకు 35 దినములు పట్టును. అంతకాలము కూర్చుండు పెట్టకు మేత, నీరు దగ్గరనే అమర్చవలెను.

యంత్రమైనచో, పంకా ఉన్నదానిలో 37.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి ఉంచవలెను. పంకా లేనిదానిలో గుడ్ల పైభాగమున దాదాపు 38.5 డిగ్రీలుండవలెను. గాలిలో తేమ నూటికి 55 మొదలు 60 పాళ్లు చాలును. పిండము పెంకుపొరకు అంటుకొనకుండ గుడ్లను దినమునకు మూడు నుండి ఐదుసార్లు త్రిప్పవలెను. ఇరుప్రక్కల పెన్సిలుతో గుర్తులు పెట్టుకొన్నచో పొరపాటు రాదు. కరెంటు పోయినచో మూత తెరువక యంత్రముపై దుప్పటి కప్పవలెను. కొంతసేపు చల్లబడుటను గుడ్డు ఓర్చుకొనును గాని అధికమైన వేడిని ఓర్వదు.

ఏడవనాటి రాత్రి చీకటిగదిలో గుడ్డును టార్చిలైటుకు అడ్డముపెట్టి చూడవలెను. సాలెగూటివలె ఎర్రని నరములు కనబడినచో లోపల ప్రాణమున్నది. కాంతి తేటగా ప్రసరించినచో అది గొడ్డుగుడ్డు. రక్తపు వలయము కనబడినచో పిండము మరణించినది. ఈ రెంటిని తీసివేయవలెను. లేనిచో అవి కుళ్లి, పగిలి తక్కినవానిని చెరచును.

చివరి మూడు దినములు గుడ్లను త్రిప్పుట మానివేసి, తేమను 70, 75 పాళ్లకు పెంచవలెను. అటుపిమ్మట మూత తెరువరాదు. పిల్ల పెంకునకు చిల్లుపొడిచి నిలిచిపోయినచో అది అలసినదని జాలిపడి, పెంకు వలిచి సాయపడుటకు ఇంటిల్లిపాదియు ఆతురపడుదురు. ఆ సాయమే దానికి ప్రాణాంతకము కాగలదు. ఆ విరామసమయమున పొరలోని నరములయందలి రక్తము పిల్ల శరీరములోనికి చేరుచుండును. మిగిలిన పచ్చసొన కడుపులోనికి లాగబడుచుండును. ముందుగా వలిచినచో రక్తము కారి పిల్ల మరణించును. ఒక దినము, ఒక్కొక్కప్పుడు రెండు దినములు వేచియుండవలెను. బయటపడిన పిల్లలకు కడుపులోని ఆ సొనయే తొలి ఆహారము గనుక మేతకును తొందర లేదు.

ఒళ్లు ఆరిన పిమ్మట పిల్లలకు ముక్కు మునుగునంతటి లోతుగల పాత్రలో నీరుంచవలెను. బాతుపిల్లలే గదా యని వెంటనే చెరువులో విడువరాదు. కోడిక్రిందను, యంత్రములోను పుట్టినవాని నూగునకు తల్లిబాతు యీకల చమురు అంటియుండదు. నీటిలో తడిసి వణకి చనిపోవును. కొన్ని వారములు గడచి యీకలు వచ్చిన పిమ్మట అవే నీటిని వెదకికొనును. అప్పుడు గట్టున నిలిచి కంగారుపడు కోడితల్లికి మాత్రము మనము చేయగల సాయమేదియు లేదు.