పుట్టుకతో వచ్చే శుక్లం

శుక్లం వృద్ధులకే వస్తుందని మీరు అనుకోవచ్చు. కాని కొందరు శిశువులు శుక్లంతోనే పుడతారు. కంటిపాప వెనుక పారదర్శకంగా ఉండవలసిన కటకం వీరిలో మసకబారి ఉంటుంది. అందువల్ల రెటీనాపై స్పష్టమైన ప్రతిబింబం ఏర్పడదు.

దీనికి కారణాలేమిటి? కొందరిలో జన్యులోపాలు, మరికొందరిలో గర్భస్థ దశలో సోకే వ్యాధులు. గర్భిణికి తొలి నెలల్లో రుబెల్లా సోకితే శిశువుకు శుక్లం రావచ్చునని 1941లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ గుర్తించాడు. రుబెల్లాను టీకాతో నివారించవచ్చు. మన దేశంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 2017లో మొదలైంది.

పెద్దవారిలో శుక్లాన్ని కొంత ఆలస్యంగా తీసినా సాధారణంగా చూపు వస్తుంది. శిశువుల్లో అలా కాదు. ఎందుకంటే చూడటం మెదడు నేర్చుకునే పని. తొలి వారాల్లో స్పష్టమైన ప్రతిబింబం అందకపోతే మెదడులోని దృష్టి కేంద్రం సరిగా వికసించదు. ఈ స్థితినే మందదృష్టి అంటారు. కాబట్టి దట్టమైన శుక్లం ఒక కంటిలో ఉంటే సుమారు 6 వారాలలోపు, రెండు కళ్లలో ఉంటే సుమారు 8 వారాలలోపు శస్త్రచికిత్స చేయడం మంచిది. తరువాత కళ్లద్దాలో కాంటాక్ట్ లెన్సులో తప్పనిసరి.

పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపిస్తే, "పెద్దయ్యాక చూద్దాం" అని ఎవరినీ అననివ్వకండి. వెంటనే నేత్రవైద్యునికి చూపించమని చెప్పండి.