సబ్బులో మిగిలిన కాస్టిక్

మా బరంపురం ఇంట్లో పదకొండో తరగతి మనవరాలు ఇంగ్లీషు కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని, "అమ్మమ్మా, ఈ లిమిటింగ్ రీఏజెంట్ ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు" అంది. పుస్తకం మూయించి నా సబ్బుల కథ చెప్పాను.

కొన్నేళ్ల కిందట ఇంట్లోనే సబ్బులు చేసేదాన్ని. కిలో కొబ్బరినూనెకు 183 గ్రాముల కాస్టిక్ సోడా, అదీ కొలత. ఒక ఏడు కొబ్బరినూనె ధర మండిపోయిందని సగం వేరుశనగ నూనె కలిపాను. కాస్టిక్ మాత్రం మార్చలేదు. ఏ నూనైనా కిలో కిలోయే కదా అనుకున్నాను! సబ్బు చూడ్డానికి దివ్యంగా కుదిరింది. పక్కింటి వదినగారికి రెండు ఇచ్చాను. మూడోనాడు ఆవిడ ఎర్రబడి పొరలూడుతున్న అరచేతులు చూపిస్తే నాకు నోట మాట రాలేదు.

ఇడ్లీకి గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల రవ్వ పోస్తాం. పప్పు ఒక్క గ్లాసే ఉంటే, మూడో గ్లాసు రవ్వ డబ్బాలో ఉండాల్సిందే. ముందుగా నిండుకునే ఆ పప్పే లిమిటింగ్ రీఏజెంటు. ఎన్ని ఇడ్లీలు వస్తాయో తేల్చేది అదే. కాకపోతే మనం గ్లాసులతో కొలుస్తాం, రసాయనాలు అణువుల లెక్కన కలుస్తాయి. ఒక నూనె అణువుకు మూడు కాస్టిక్‌వి కావాలి. వేరుశనగ నూనె అణువు కొబ్బరినూనె అణువు కన్నా బరువు. అంచేత కిలోలో అణువులు తక్కువ, దానికి సుమారు 136 గ్రాముల కాస్టిక్ చాలు.

ఇద్దరం కాగితం మీద వేశాం. అరకిలో కొబ్బరినూనెకు 91.5, అరకిలో వేరుశనగ నూనెకు 68, వెరసి 160 లోపే. నేను వేసింది 183! నూనె నిండుకుంది, 23 గ్రాముల పైచిలుకు కాస్టిక్ సబ్బులోనే ఉండిపోయింది. వదినగారి చేతుల్ని తిన్నది అదే. కాస్టిక్ ఎంత గుమ్మరించినా ఆ కిలో నూనెకు వచ్చే అసలు సబ్బు, నీరూ గ్లిజరినూ తీసేస్తే, 1037 గ్రాములకు మించదు.

"మరి కాస్టిక్ తగ్గిస్తే?" అంది పిల్ల. అదీ ప్రశ్న! ఇప్పుడు 152 గ్రాములే వేస్తున్నాను. కాస్టిక్కే ముందు నిండుకుంటుంది. సబ్బు ఓ 50 గ్రాములు తగ్గితే తగ్గింది, మిగిలిన నూనెతో చేతికి మెత్తగా ఉంటుంది.

చేసి చూద్దామనుకునేవారికి ఒక మాట. కాస్టిక్‌ను నీళ్లలో వెయ్యాలి గాని, దాని మీద నీళ్లు పొయ్యకూడదు. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు.

వదినగారు మాత్రం ఇప్పటికీ సబ్బు అందుకునే ముందు, "లెక్క చూసే చేశారా?" అని అడుగుతారు.