ఎడమచేతి బిడ్డకు పండ్రెండు తీగల గిటారు

లోకములో నూటికి సుమారు 10 మంది ఎడమచేతివాటము గలవారు. మన పాఠశాలలోను ప్రతి తరగతిలో ఒకరిద్దరైనను అట్టి పిల్లలుందురు. భోజనమునకును, ప్రసాదము గ్రహించుటకును కుడిచేతిని వాడుమని మన యిండ్లలో నేర్పుట పరిపాటి. అది మర్యాదకు సంబంధించిన విషయము. కాని ఆ నియమమును వాద్యమునకు కూడ వర్తింపజేయవలెనా యను ప్రశ్న మా యింటిలో ఒకమారు పుట్టినది. ఆ యనుభవము తోడి తల్లిదండ్రులకు ఉపకరించునని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మా అబ్బాయి రెండేండ్లు ఆరు తీగల గిటారు నేర్చి, 12 తీగల గిటారు కావలెనని కోరెను. బెంగుళూరిలో తెలుగువారి యిండ్లకు గిటారు క్రొత్తది కాదు. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' ప్రకటించిన కవి పఠాభి, అనగా పట్టాభిరామిరెడ్డిగారు, ఈ నగరముననే నివసించిరి; వారి కుమారుడు కోణార్క్ రెడ్డి గిటారు వాద్యకారుడుగ ప్రసిద్ధి చెందెను. కావున మేమును సంతోషముతో అంగీకరించితిమి. ఒక అంగడివారు కుడిచేతి గిటారునే తీసి, తీగలు తారుమారు చేసి యిచ్చి, ఇంతకంటె వేరేమియు అక్కరలేదనిరి. ఎంత శ్రుతి చేసినను పై మెట్లలో అపస్వరమే పలికెను. నెల తిరుగకమునుపే అబ్బాయి తన చేతిలోనే లోపమున్నదని తలచి గిటారును మూలనుంచెను. మాకు ద్రవ్యనష్టము కంటె ఆ మాటయే ఎక్కువ బాధ కలిగించినది.

లోపము వాని చేతిలో లేదు. అది ఎచ్చట నున్నదో తెలియుటకు వాద్యనిర్మాణమును కొంత గ్రహింపవలెను.

ఈ గిటారున 12 తీగలు ఆరు జంటలుగ నుండును. పై రెండు జంటలలో రెండు తీగలును ఒకే శ్రుతిలో పలుకును. తక్కిన నాలుగు జంటలలో ఒకటి మందపు తీగ, రెండవది దానికి పై స్థాయిలో పలుకు సన్నని తీగ. ఇద్దరు కలిసి పాడినట్లు తోచు ఆ నాదమునకు ఇదియే కారణము. మన వీణకువలె దీనికిని మెట్లు, బిరడలు, గుర్రము కలవు. మందపు తీగకు పొడవు రవంత ఎక్కువ కావలెను గనుక గుర్రముపై తీగలానుకొను ఎముక కమ్మిని ఏటవాలుగ నమర్తురు. తీగలను తారుమారు చేసినచో ఆ వాలు ఎదురగును. అప్పుడు మెట్లెక్కినకొలది మందపు తీగలు శ్రుతి మించును, సన్ననివి తగ్గును. మెడ చివరనున్న 12 గాడులును ఆయా తీగల మందమును బట్టి కోసినవే. సన్నని గాడిలో మందపు తీగ దిగదు. వెడల్పు గాడిలో సన్నని తీగ గరగరలాడును. పైపలక లోపలి పట్టీలు సైతము రెండు వైపులను సమానముగ నుండవు. ఆరు తీగల గిటారుపై సుమారు 70 కిలోల లాగుడుండగా దీనిపై అది 100 కిలోలు దాటును. కావున ఎడమచేతి గిటారును అద్దములోని ప్రతిబింబమువలె మొదటినుండి నిర్మింపవలెను.

జిమీ హెండ్రిక్స్ కుడిచేతి గిటారునే త్రిప్పి వాయించెను గదా యని కొందరడుగుదురు. ఆయన త్రిప్పినది విద్యుత్ గిటారు. అందు ప్రతి తీగ ఆధారమును వేరువేరుగ మరలతో జరుపవచ్చును. అదే హెండ్రిక్స్ 1967లో లండనులో టోనీ జెమైటిస్ నిర్మించిన 12 తీగల గిటారును ఎడమచేతివాటముగ వాయించిన దృశ్యము చలనచిత్రమున నిలిచియున్నది. పాల్ మెకార్ట్నీ బాలుడుగ నుండగా తండ్రి యిచ్చిన బాకాను మార్చుకొని గిటారు తెచ్చుకొనెను. అది చేతికి లొంగలేదు. స్లిమ్ విట్మన్ అను ఎడమచేతి గాయకుని చిత్రము చూచిన పిమ్మట తీగలు మార్చి వాయించి దారి కనుగొనెను.

మన సంగీతమునను ఉదాహరణ కలదు. మృదంగ విద్వాంసులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై ఎడమచేతివాటమువారు. మృదంగపు కుడిమూత సభకభిముఖముగ నుండవలెనని గాయకుని కుడిప్రక్కన మృదంగమును, ఎడమప్రక్కన వయొలిన్‌ను కూర్చుండబెట్టుట ఆచారము. ఎడమచేతి మార్దంగికుడు వచ్చినచో వేదికపై ఆ స్థానములే మార్చవలెను. అట్టి యిబ్బందిని దాటి పిళ్ళైగారు తమ కాలపు అగ్రశ్రేణి విద్వాంసులలో నొకరైరి.

ఇక కొనదలచినవారికి కొన్ని సూచనలు. మొదట పిల్లవాడు ఏ చేతితో సహజముగ మీటునో కొన్ని వారములు గమనింపుడు. ఎడమచేతివాటము గలవారిలో కుడిచేతి గిటారును సుఖముగ వాయించువారును గలరు. వారికి వేరు వాద్యమక్కరలేదు. పిదప ఆరు తీగల ఎడమచేతి గిటారుతో వ్రేళ్ళు గట్టిపడనిండు. జంట తీగలను నొక్కుటకు బలమెక్కువ కావలెను.

బళేపేటలో వీణలు, మృదంగములు అమ్ము అంగళ్ళు ఎన్నియో కలవు. కాని ఎడమచేతి 12 తీగల గిటారును సాధారణముగ పనివానితో చేయించుకొనవలసినదే. బేరమంతయు కాగితముపై నుండవలెను: గాడుల వరుస, కమ్మి వాలు, లోపలి పట్టీలు అన్నియు ఎడమచేతికై యుండుట, మెడ ప్రక్కనుండు చుక్కలు వాయించువానికి కనబడుట, గాడులవద్ద మెడ వెడల్పు సుమారు 48 మిల్లీమీటర్లు, బయానా, గడువు, తప్పు వచ్చినచో సరిదిద్దు బాధ్యత. గిటారు వెనుకకును ప్రక్కలకును ప్రపంచమంతట మెచ్చుకొను కఱ్ఱలలో మన కన్నడ సోదరులు బీటె యను రోజ్‌వుడ్ ఒకటి. తీగలు మాత్రము మామూలువే సరిపోవును. ఇట్టి వాద్యమును తిరిగి అమ్ముట కష్టమని ముందే తెలిసికొనుడు.

ఇంటికి తెచ్చిన పిదప తీగలను ఒక స్వరము తగ్గించి శ్రుతి చేసినచో మెడకును వ్రేళ్ళకును భారము తగ్గును. మాఘ ఫాల్గుణములలో ఇచ్చటి గాలి పొడిబారును; అప్పుడు పెట్టెలో నుంచి కొంత తేమ యుండునట్లు చూడవలెను. ఎండలో నిలిపిన కారులో ఎన్నడును ఉంచరాదు.

మేము రెండవమారు ఎడమచేతికై చేయించిన గిటారునకు ఏడు నెలలు పట్టినది. మొదటి దినమున మా అబ్బాయి పై మెట్టున ఒక స్వరము మీటి, మరల మీటి, నావంక చూచెను. శ్రుతి సరిగనున్నది. మూలనుంచిన పాత గిటారును గూర్చి వాడు మరల తన చేతిని నిందించుకొనలేదు. బిడ్డ చేతిని మార్చబోవుటకంటె వాద్యమును మార్చుట తల్లిదండ్రులకు సులభము, బిడ్డకు క్షేమము.