రక్తపింజర కాటు – గాజుగొట్టపు పరీక్ష

అనంతపురము పీఠభూమిలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. తొలకరి పడగానే ఎఱ్ఱనేలలలో వేరుసెనగ విత్తుట ఆరంభమగును. చేలలోను, వేరుసెనగ కట్టె వాములలోను ఎలుకలు చేరును. వాటి వెంట రక్తపింజర వచ్చును. చెప్పులు లేక నడచువారికి దాని కాటు ప్రాణాపాయము.

ఈస్టిండియా కంపెనీ కొలువున విశాఖపట్నములో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1796లో ప్రచురించిన గ్రంథములో దీనిని 'కాటుక రేకుల పొడ' అను తెలుగు పేరుతోనే వర్ణించెను.

రక్తములో ఫైబ్రినోజన్ అను మాంసకృత్తు కరగియుండును. గాయమైనచోట అది దారములుగా మారి, వలవలె అల్లుకొని, రక్తమును గడ్డకట్టించును. రక్తపింజర విషము ఇందుకు తోడ్పడు 5వ, 10వ కారకములను అకారణముగా రేపును. ఫైబ్రినోజన్ నిల్వ అంతయు వ్యయమైపోవును. కావున గడ్డకట్టించు విషమే తుదకు రక్తమును గడ్డకట్టనీయదు! చిగుళ్లనుండి రక్తము కారును, మూత్రము ఎఱ్ఱబడును. ఈ గుణమునే 1934లో ఇంగ్లండులో మాక్‌ఫార్లేన్ ఉపయోగించుకొని, హీమోఫిలియా రోగుల గాయములపై పలుచని విషద్రావణమును అద్ది రక్తస్రావమును ఆపెను.

విషము రక్తములో పనిచేయుచున్నదో లేదో తెలియుటెట్లు? నర్సు రోగి సిరనుండి 2 మిల్లీలీటర్ల రక్తము తీసి, పొడిగానున్న క్రొత్త గాజుగొట్టములో పోసి, 20 నిమిషములు కదపక ఉంచును. పిమ్మట వంచి చూచును. రక్తము నీరువలె జారినచో విరుగుడు మందు అవసరము. గొట్టము గాజుదే కావలెను. గాజు తాకిడియే గడ్డకట్టుటను ఆరంభింపజేయును. ప్లాస్టిక్ గొట్టము గాని, సబ్బుతో కడిగినది గాని పనికిరాదు. మొదట గడ్డకట్టినంతమాత్రమున నిశ్చింత కూడదు. పరీక్షను మరల మరల చేయవలెను.

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱములకు ఎక్కించి, వాటి రక్తమునుండి విరుగుడు మందు తయారుచేయుదురు. సాధారణముగా మొదట 8 నుండి 10 సీసాలు సిరలోనికి ఎక్కింతురు. పిల్లలకును పెద్దలకును మోతాదు ఒక్కటే; ఏలయన పాము విడిచిన విషము మనిషి బరువునుబట్టి మారదు.

ఇది గుఱ్ఱపు మాంసకృత్తు గనుక కొందరికి పడదు. దురద, దద్దురులు, ఆయాసము, రక్తపుపోటు తగ్గుట కనిపించినచో నర్సు వెంటనే మందును ఆపి వైద్యునికి తెలుపవలెను. అడ్రినలిన్ సూదిమందు ప్రక్కనే సిద్ధముగా ఉండవలెను. రక్తస్రావ భయమున్నందున అనవసరముగా కండలోనికి సూదులు వేయరాదు.

విరుగుడు విషమును అణచునే కాని ఫైబ్రినోజన్‌ను ఇయ్యదు. దానిని కాలేయము క్రొత్తగా తయారుచేయవలెను. కావుననే 6 గంటల తరువాత గాజుగొట్టపు పరీక్షను మరల చేసి, రక్తము ఇంకను గడ్డకట్టకున్నచో మందు మరల ఇత్తురు.

కాటును కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టుట హానికరములు. రక్తము గడ్డకట్టని వేళ చిన్న కోత సైతము ఆగని గాయమగును. కాలు కదలనీయక, ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చుటయే ప్రథమ చికిత్స.