మేనేజరైతే జీతం అడగకూడదా?

పిడుగురాళ్ల సున్నం మిల్లులు, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, నరసరావుపేట ప్రైవేటు కాలేజీలు, ఆసుపత్రులు. పల్నాడులో డిగ్రీ చదివిన మన పిల్లలకు దొరికే ఉద్యోగాలు ఎక్కువగా ఇలాంటి చోట్లే. ఇంట్లో మొదటిసారి చదువుకున్న కుర్రాడిని ‘మేనేజరు’ అని పిలిస్తే అమ్మానాన్నలకు గర్వమే. కానీ జీతం ఆగిన రోజు ఆ పిలుపే అడ్డం పడుతుంది. ‘నువ్వు కూలీవి కాదు, లేబర్ ఆఫీసు నీకు వర్తించదు’ అంటారు. ఇందులో నిజమెంత?

పాత చట్టం ఏం చెప్పింది?

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ‘వర్క్‌మన్’కే రక్షణ ఇచ్చింది. మేనేజర్లను, నెలకు 10,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లను బయట పెట్టింది. వాళ్లు ఎక్కువగా సివిల్ కోర్టుకే వెళ్లాల్సి వచ్చేది. కరోనా సాహు అనే చెప్పుల కంపెనీ దుకాణ మేనేజరు కేసులో 1994లో సుప్రీంకోర్టు ఆయన వర్క్‌మన్ కాదంది. అదే తీర్పులో, హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని ఏమిటో చూడాలని కూడా చెప్పింది. అంటే పేరుకు మేనేజరై, ఎవరినీ పనిలో పెట్టుకునే, సెలవు ఇచ్చే అధికారం లేకుండా రోజంతా లోడ్లు లెక్కపెట్టి బిల్లులు రాసే మనిషి తాను వర్క్‌మన్‌నే అని వాదించవచ్చు.

ఇప్పుడు మారిందేమిటి?

2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇందులో ‘ఉద్యోగి’ అంటే మేనేజరు కూడా. తీసేసినా, రాజీనామా చేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లలోగా, ప్రభుత్వం నియమించిన అధికారి ముందు క్లెయిమ్ వేయవచ్చు. జీతం ఇచ్చానని రుజువు చేసుకోవాల్సింది యజమానే. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది.

అయితే ఉద్యోగం తిరిగి ఇప్పించాలనే వివాదం వేరు. పారిశ్రామిక సంబంధాల కోడ్ మేనేజర్లను ఇప్పటికీ బయటే ఉంచింది. సూపర్‌వైజర్ల పరిమితిని మాత్రం 18,000 రూపాయలు చేసింది.

సంతకం పెట్టేశాం కదా?

నియామక పత్రం లేకపోయినా నోటి మాట కూడా ఒప్పందమే. రాసుకున్న ప్రతి షరతూ చెల్లుతుందనీ లేదు. మూడు నెలల నోటీసుతో ఎవరినైనా తీసేయొచ్చన్న నిబంధనను 1986లో బ్రజనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. బలవంతుడు రాసి, గత్యంతరం లేనివాడు సంతకం పెట్టిన అన్యాయమైన షరతు కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదంది. అక్కడ యజమాని ప్రభుత్వ కార్పొరేషన్. ప్రైవేటు మిల్లు దగ్గర ఆ తీర్పు అంత తేలిగ్గా పనిచేయదు. అందుకే సంతకానికి ముందే కాగితం చదవాలి, ఒక కాపీ తీసుకోవాలి.

ఏం చేయాలి?

జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, పీఎఫ్ నంబరు, వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాలు, సంతకం చేసిన రిజిస్టర్ ఫొటోలు దాచుకోండి. బకాయి నెలవారీగా లెక్కగట్టి, రాతపూర్వకంగా రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. సివిల్ దావాకు కూడా గడువు మూడేళ్లే. అది ఏ నెల జీతానికి ఆ నెల నుంచి లెక్క. ‘మనోడివే, పంట డబ్బులు రాగానే చూద్దాం’ అన్న మాట నమ్మి కూర్చుంటే పాత నెలలు ఒక్కొక్కటిగా చేజారిపోతాయి.

లాయరు ఫీజుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. దగ్గరలోని కోర్టులో ఉండే న్యాయసేవల సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. జీతం అడిగినందుకు నలుగురి ఎదుట కులం పేరుతో తిట్టినా, వెట్టి చేయించినా అది అట్రాసిటీ చట్టం కింద వేరే కేసు. జీతం క్లెయిమ్‌ను దాంతో కలపకుండా, రెండూ విడివిడిగా నడపాలని మేం సూచిస్తున్నాం.