అరకులో గది ఎవరిది, వంట ఎవరిది

అరకులో ఏ హోటల్లోనైనా కూర్చుని మెనూ కార్డు తెరవండి. ముందు కనిపించేది పనీర్ బటర్ మసాలా, పేజీ తిప్పితే గోబీ మంచూరియా. కిటికీ అవతల కొండవాలు మీద సామ చేను, దాని పక్కన చోడి, గట్టు వెంట కంది. ఆ మూడింటిలో ఒక్కటీ కార్డులో ఉండదు. పనీరు మాత్రం విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, అందులో సగం ఘాట్ రోడ్డు, ఎక్కి వచ్చి వడ్డనకు సిద్ధంగా ఉంటుంది. చేలో పంటకు వంద అడుగుల దారి దొరకలేదు.

పోయిన చలికాలం అలాంటి హోటల్లో దిగలేదు. ఊరికి ఎడంగా ఒక కొండదొర గిరిజన కుటుంబం తమ ఇంటిని ఆనుకుని వేసుకున్న మూడు గదుల్లో ఒకటి తీసుకుని రెండు రాత్రులు ఉన్నాను. ఇంటాయనకు కాఫీ తోట, ఇంటావిడకు వంటిల్లు. డిగ్రీ చదివి వచ్చిన కూతురు ఫోన్లో బుకింగులు, లెక్కలు చూస్తుంది. గోడలకు ఎర్రమట్టి పూత, కింద తెల్లటి అంచు. టీవీ లేదు. వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద కాగి బకెట్లో వస్తాయి. పక్క గదిలో దిగిన హైదరాబాదు దంపతులు ఆ బకెట్‌ను చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇలాంటి బసకు నగరాల్లో వాడే మాట బుటీక్ హోటల్. బుటీక్ అంటే ఫ్రెంచిలో చిన్న దుకాణం. 1984లో న్యూయార్కులో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రుబెల్ కలిసి మోర్గాన్స్ అనే హోటల్ తెరిచాక ఈ మాట హోటళ్లకు అంటుకుంది. ఏ ఊరెళ్లినా అదే దుప్పటి, అదే దీపం, అదే నవ్వు చూపించే పెద్ద గొలుసు హోటళ్లతో విసిగినవాళ్లకు, తక్కువ గదులతో, తన ముఖం తనకున్న బసను చూపించారు వాళ్లు. ఇప్పుడా మాట ఎంత అరిగిందంటే, గోడకు రెండు ముసుగు బొమ్మలు తగిలించి అద్దె రెట్టింపు చేసిన లాడ్జి కూడా బుటీకే.

కుటుంబమే నడిపే హోటల్, దానికి పేరు తెచ్చే వంట అన్న సంగతి మాత్రం ఆ మాటకన్నా చాలా పాతది. ఫ్రాన్స్‌లో రొఆన్ అనే ఊళ్లో రైల్వే స్టేషను ఎదురుగా 1930లో త్రువాగ్రో అనే కుటుంబం ఒక చిన్న హోటల్ పెట్టుకుంది. 1968లో దానికి మిష్లిన్ మూడు నక్షత్రాలు వచ్చాయి. తండ్రి నుంచి కొడుకులకు, వాళ్ల నుంచి మనవలకు ఆ గరిటె నడుస్తూనే ఉంది. మిష్లిన్ అంటే టైర్ల కంపెనీ. జనం కార్లలో తిరిగితేనే టైర్లు అరుగుతాయని 1900లో దారి పుస్తకం వేసింది. అందులో మూడు నక్షత్రాలకు అర్థం, ఆ వంట కోసమే ప్రత్యేకంగా ప్రయాణం కట్టవచ్చు అని.

అరకు కూడా రైలు పెంచిన ఊరే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం అది. ఖనిజం కోసం తొలిచిన సొరంగాల్లోంచే యాత్రికులు వచ్చారు. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె తగిలించాక రద్దీ ఇంకా పెరిగింది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాత్రం బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చుట్టేసి సాయంత్రానికి కిందికి దిగిపోతారు. వంట కోసం ప్రయాణం కట్టినవాళ్లు నాకు తగల్లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇంత జనం వస్తుంటే, డబ్బున్న పెద్ద హోటల్ కుటుంబాలు ఊటీలోనో కూర్గులోనో కట్టినట్టు అరకులో బంగళాలు ఎందుకు కట్టలేదు? జవాబు వాతావరణంలో లేదు, చట్టంలో ఉంది. అరకు రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతం, వాడుకలో ఏజెన్సీ. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. అదే ఏజెన్సీలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన '1/70'. దాని ప్రకారం ఏజెన్సీ భూమిని గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడైనా సరే, గిరిజనేతరుడైనా సరే. లీజు, తాకట్టు, దానం కూడా బదలాయింపు కిందికే వస్తాయి. ఒక గిరిజనేతరుడి దగ్గర స్థలం ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే.

ఆ తర్వాత వచ్చింది సమతా తీర్పు. బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలోనే ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకిస్తే, సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమి లీజుకివ్వకూడదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతా గిరిజన భూముల గురించి వాదన వచ్చినప్పుడల్లా ఎత్తే పేరు ఈ కొండల నుంచే వెళ్లింది.

కాబట్టి అరకులో 'కుటుంబం నడిపే హోటల్' అన్నది ప్రకటనలో వేసుకునే ముద్దుమాట కాదు. సక్రమంగా నడిచే ప్రైవేటు బస అయితే, అది చాలావరకు ఒక గిరిజన కుటుంబానిదే అయి ఉండాలి. వాస్తవంలో కాగితం మీద ఒక పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకో మనిషి ఉండే చోట్లు లేవని చెప్పను. బినామీ అనే మాటకు అర్థం అరకు సంతలో ఎవరినడిగినా చెబుతారు. 2025 మొదట్లో విశాఖలో జరిగిన ఒక పర్యాటక సమావేశంలో, పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలన్న మాట వినిపించింది. ఫిబ్రవరిలో ఏజెన్సీ 48 గంటలు బంద్ పాటించింది. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెప్పవలసి వచ్చింది. ఈ చట్టం పర్యాటకానికి అడ్డమని వాదించేవాళ్లతో నేను ఏకీభవించను. అరకులో పర్యాటకం ఇంటివాళ్ల చేతిలో ఉండగలిగే దారి ఏదైనా ఉందంటే, దానికి కంచె ఈ చట్టమే.

ఇటలీలో 1985లో ఇంచుమించు ఇలాంటి ఆలోచనతోనే ఒక చట్టం చేశారు. అక్కడ పొలంలో అతిథులను దింపుకుని వండిపెట్టే పద్ధతిని అగ్రిటూరిజ్మో అంటారు. ఆ పేరు పెట్టుకోవాలంటే నడిపేవాడు రైతే అయి ఉండాలి. వ్యవసాయం ముందు, హోటల్ వెనక. వడ్డించేదాంట్లో సొంత పంట ఉండాలి. టస్కనీ కొండల్లో అలాంటి ఇళ్లకు ప్రపంచం నలుమూలల నుంచీ వెళ్లి తింటున్నారు. వాళ్ల చట్టం వంటను కాపాడింది, మన చట్టం భూమిని కాపాడింది. మనవాళ్లు వంట సంగతి ఇంకా పట్టించుకోలేదు.

ఆ ఇంట్లో రెండో రాత్రి భోజనం గురించి చెబుతాను. అడ్డాకు విస్తరి. సామ అన్నం. నీళ్లలో ఉడికించి ఉప్పూ పసుపూ వేసిన కందులు. మెదపలేదు, తాలింపు లేదు. పనస పిక్కల కూర. కింద సముద్రం నుంచి సంతకు ఎక్కివచ్చిన ఎండు చేప, చింతపండు పులుసులో. చివర బొంగులో కోడి. ఈ ఐదూ ఒకేసారి రాలేదు. ఒకటి తిన్నాక ఒకటి, ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చినప్పుడల్లా వచ్చాయి. "నెమ్మదిగా తినండి బాబూ, బొంగు ఇంకా కాలాలి" అంది. పెద్ద హోటళ్లలో ఇదే వరసకు టేస్టింగ్ మెనూ అని పేరు పెట్టి వేలల్లో బిల్లు వేస్తారు.

బొంగులో కోడి ఇప్పుడు హైదరాబాదు రోడ్ల మీద కూడా దొరుకుతోంది గానీ, అందులో ఉన్న కిటుకు చాలామందికి తెలియదు. అసలు సంగతి వెదురు పచ్చిగా ఉండటం. ఒక వైపు కణుపు ఉంచి, రెండో వైపు తెరిచి కొడతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు పట్టించిన నాటు కోడి ముక్కలు లోపలికి దూర్చి, మూతికి ఆకులు బిగించి నిప్పుల మీద దొర్లిస్తారు. పచ్చి వెదురు గోడ నిండా నీరుంటుంది. పైన నిప్పు ఎంత ఎర్రగా ఉన్నా, ఆ నీరు ఆవిరయ్యేదాకా లోపలి వేడి మరుగు నీటి వేడిని పెద్దగా దాటదు. అంటే కోడి వేగడం లేదు, తన రసంలో తాను, వెదురు చెమ్మలో ఉడుకుతోంది. నూనె చుక్క వేయరు. కోడి కొవ్వే నూనె. మూతికి చెక్క బిరడా కాకుండా ఆకు ఎందుకంటే, ఆవిరి కొంచెం కొంచెం బయటికి పోవాలి, లేకపోతే బొంగు పేలుతుంది. ఎండు వెదురు అయితే కోడి ఉడికేలోపు బొంగే మండిపోతుంది. వెదురు పైపొర నల్లబడి, మూతి దగ్గర వాసన మారినప్పుడు తీస్తారు. గడియారం చూసి తీసేవాళ్లు నాకు కనిపించలేదు.

ఖరీదైన వంటశాలలు ఈ మధ్య గొప్పగా చెప్పుకునే మరో సంగతి, కాలాన్ని బట్టి వండటం. ఈ కొండల్లో దానికి పండగలే ఉన్నాయి. కొత్తలు అంటారు. సామకొత్త, కందికొత్త, చిక్కుడుకొత్త, మామిడికొత్త, ఇలా పంటకో కొత్త. ఊరంతా కలిసి దేవతకు పెట్టి పండగ చేసేదాకా ఆ ఏటి పంట నోట పెట్టరు. చెట్టు నిండా కాయలున్నా మామిడికొత్త కాకుండా కోయరు. భక్తి సరే, ఇంకో లాభం కూడా ఉంది. కాయ ముదరకముందే కోసేసే ఆత్రానికి ఊరు వేసుకున్న కట్టు అది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. మర్నాడు పొద్దున్నే కాఫీ తోట ఉన్న ఆ ఇంట్లో నాకిచ్చింది టీ. అడిగితే ఇంటాయన నవ్వాడు. కాఫీ అమ్ముకోవడానికి వేసింది, తాగడానికి కాదు. అదే అరకు కాఫీకి పారిస్‌లో 2017లో దుకాణం తెరిచారు. నాంది ఫౌండేషన్ చొరవతో ఏర్పడిన గిరిజన రైతుల సహకార సంఘం పండించే గింజలవి. 2021లో బెంగళూరులో అదే పేరుతో పెద్ద కేఫ్ వచ్చింది. 'అరకు వ్యాలీ అరబికా'కు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీ జీ-20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకల్లో అరకు కాఫీ ఉంది. మరి తోట గట్టున ఉన్న వంటింట్లో టీ పొడి! కూతురు నా మొహం చూసి, ఇనుప మూకుడులో గుప్పెడు గింజలు వేయించి, రోట్లో దంచి, బెల్లంతో కాచి ఇచ్చింది. కొంచెం మాడింది. అయినా రెండు గ్లాసులు తాగాను.

ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుందో తోటలోకి వెళితే తెలుస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి పాకిన మిరియాల తీగ, కింద కాఫీ మొక్క. ఎత్తు, చల్లదనం, నీడ మూడూ కలిసి పండును నిదానంగా పండనిస్తాయి. నిదానంగా పండిన గింజలో పులుపూ తీపీ నిలుస్తాయి. ఒకే కొమ్మకు ఎర్ర పండు, పచ్చి కాయ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి కోతకు చెట్టు దగ్గరికి పదేపదే రావాలి. చేత్తో ఒక్కో పండు చూసి కోయాలి. నవంబరు నుంచి ఇళ్లన్నీ తోటల్లోనే. ఆ రోజుల్లో అతిథి దిగితే వంటకు మనిషి ఉండదు. హోమ్‌స్టే నడపడంలో అసలు కష్టం ఇదేనని ఆ ఇంటావిడ చెప్పింది. జనం ఎగబడి వచ్చే కాలమూ, కాఫీ కోత కాలమూ ఒకటే.

మిగతా కష్టాలు అందరికీ తెలిసినవే: మరుగుదొడ్డి, నీళ్లు, పెట్టుబడి. గిరిజన గ్రామాల్లో వెయ్యి హోమ్‌స్టేల కోసం కేంద్రం ఒక పథకం పెట్టింది. కొత్తగా కట్టుకునే యూనిట్‌కు 5 లక్షల దాకా, ఉన్నదాన్ని బాగుచేసుకుంటే 3 లక్షల దాకా ఇస్తామంది. స్థలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం తేలిక కాని చోట ఈ డబ్బు పెద్దదే. డబ్బుతోపాటు వచ్చే సలహాలు చూసి నాకు భయం. గోడకు ఏ రంగు వేయాలో, మెనూలో ఏం ఉండాలో కింద నుంచి చెప్పడం మొదలైతే మళ్లీ పనీర్ దగ్గరికే చేరతాం. అతిథి అడిగాడని రాత్రి పదింటికి ఊరి ఆడవాళ్లను లేపి థింసా నాట్యం ఆడించడం కూడా అలాంటిదే. థింసా పండక్కీ పెళ్లికీ ఆడేది.

మీరు వెళ్లాలనుకుంటే, గది ఖాయం చేసే ముందు ఫోన్లో రెండు ప్రశ్నలు అడగండి. ఈ ఇల్లు ఎవరిది? ఆ రోజు మీ ఇంట్లో ఏం వండుకుంటున్నారు? రెండోదానికి మెనూ కార్డు పంపిస్తామంటే ఇంకో చోటు చూసుకోండి. కొండవాలంతా పసుపుపచ్చగా పూసే వలిసె పూల కోసమైతే నవంబరులో వెళ్లండి, ఫొటో తీసుకుంటే చేను వాళ్లకు అడిగినంత ఇచ్చి రండి. రాత్రికి బొంగులో కోడి కావాలంటే మధ్యాహ్నంలోపే చెప్పాలి. వెదురు అప్పటికప్పుడు కొట్టి తేవాలి.